యువత పూజలో ఏ పాట పాడాలి? గ్రెగోరియన్ గానం నుంచి గిటారు పాట దాకా ఒక పోలిక

"వచ్చే నెల నుంచి ఆదివారం సాయంత్రం పూజలో పాటలు యువతే చూసుకోవాలి" అని కతోలిక గుడిలో విచారణ గురువు (ఆ ప్రాంతపు సంఘాన్ని చూసుకునే ఫాదరు) ప్రకటించగానే గాయక బృందంలో రెండు పక్షాలు తయారవుతాయి. కీబోర్డు, గిటారు, డ్రమ్స్ ఉంటేనే పిల్లలు వస్తారని ఒక పక్షం అంటుంది. గుడి గుడిలా ఉండాలి, పాత కీర్తనలు పాడాలి, వీలైతే గ్రెగోరియన్ గానం, అంటే వాయిద్యం లేకుండా అందరూ ఒకే స్వరంలో పాడే పాత లాటిన్ గానం కూడా ఉండాలని రెండో పక్షం అంటుంది. ఇద్దరి మాటల్లోనూ ప్రేమ ఉంది, భయమూ ఉంది. పిల్లలు గుడికి దూరమైపోతారని ఒకరి భయం. గుడిలో ఉంటూనే పూజకు దూరమైపోతారని మరొకరి భయం.

యువ గాయక బృందాలకు పాటలు నేర్పుతూ చాలా ఏళ్లు గడిపాను. ఈ వాదనలో ఒకప్పుడు ఒక పక్షాన, తర్వాత రెండో పక్షాన నిలబడ్డాను. ఇప్పుడు మాత్రం పాట వయసును చివరికి వదిలేస్తాను. ఆ పాట పూజలో ఏ చోట పడుతోంది, ఆ చోట ఎవరు పాడాలి, వాళ్లు నిజంగా పాడగలుగుతున్నారా అన్నవి ముందు చూస్తాను. వీటికి జవాబు దొరికితే చాలాసార్లు పాత కొత్తల గొడవ దానంతట అదే సగం తీరిపోతుంది. తీరని సగం గురించే ఈ వ్యాసంలో ఎక్కువ చెప్పాలి.

ముందు కొలతలు

మొదటిది పాఠం, అంటే పాటలోని మాటలు. బలిపూజలో, అంటే ఈ ఆదివారం పూజలో పాడేవన్నీ ఒకే రకం కావు. "ప్రభువా దయచూపండి", మహిమ గీతం, "పరిశుద్ధుడు", "సర్వేశ్వరుని గొర్రెపిల్ల" పూజలోనే భాగాలు. వాటి మాటలు ముందే స్థిరపడి ఉన్నాయి. మహిమ గీతం స్థానంలో మరో స్తుతి పాట పెట్టకూడదని, "గొర్రెపిల్ల" బదులు ఇంకో పాట పాడకూడదని రోమన్ పూజాగ్రంథపు సాధారణ సూచనలు స్పష్టంగా చెబుతున్నాయి. వాక్య పఠనం తర్వాత సభ జవాబుగా పాడే ప్రతివచన కీర్తనకూ ఇదే నియమం. అది దేవుని వాక్కులో భాగం కాబట్టి ఎంత మంచి పాటైనా దాని చోట కూర్చోలేదు. బాణీ మాత్రం పాతదైనా కావచ్చు, కొత్తదైనా కావచ్చు. ప్రవేశం, కానుకలు, సత్ప్రసాదం (పవిత్ర రొట్టె స్వీకరణ) వేళ పాడేవి వేరు. అవి ఒక క్రియకు తోడుగా నడుస్తాయి, వాటిలో ఎంచుకునే స్వేచ్ఛ ఉంది. అంటే మనం పోట్లాడుకునే పాటల చోట్లు నిజానికి మూడు నాలుగే.

రెండో కొలత సభ గొంతు, అంటే పూజకు వచ్చిన ప్రజలందరి గొంతు. దీనికి ఇవ్వవలసినంత విలువ మనం ఇవ్వడం లేదని నా గట్టి నమ్మకం. శిక్షణ లేని సభ ఇబ్బంది లేకుండా పాడే పరిధి సుమారుగా కీబోర్డు మీద మధ్య 'సి' నుంచి పై 'డి' దాకా, అంటే తొమ్మిది తెల్ల మెట్లు. మగవాళ్లు అదే పరిధిని ఒక స్థాయి కింద పాడతారు. ఒక బృందంలో పద్నాలుగేళ్ల అబ్బాయి ఉండేవాడు. చివరి బల్ల మీద చేతులు కట్టుకుని, పెదవులు బిగించి కూర్చునేవాడు. భక్తి లేదని, పెద్దల బలవంతం మీద వస్తున్నాడని అందరూ అనుకున్నాం. ఒక సాధన రోజున దగ్గరికి వెళ్లి విన్నాను. పల్లవి పై 'ఎఫ్' దాకా ఎక్కే చోట అతని గొంతు చీలిపోతోంది, వెంటనే నోరు మూసుకుంటున్నాడు. గొంతు మారే వయసు, పక్కనే తోటి ఆడపిల్లలు. పాటను మూడు అర మెట్లు దించాం. పల్లవి 'డి' దగ్గర ఆగింది. మొదటిసారి తల వంచుకునే పాడాడు, రెండోసారి తల ఎత్తాడు. ఆ పాట ఒక గాయకుడు తన గొంతుకు తగ్గట్టు రికార్డు చేసినది. మేము దాన్ని ఉన్న శ్రుతిలోనే ఎత్తుకున్నాం. తప్పు మాది.

పరిధితో పాటు లయను కూడా చూడాలి. చాలా కొత్త పాటల్లో పదం తాళం దెబ్బ మీద పడదు, దానికి కాస్త ముందో వెనకో పడుతుంది. ఒక్కరు పాడితే అది అందంగా ఉంటుంది. మూడు వందల మంది పాడితే తలా ఒక చోట పడి పాట చెదిరిపోతుంది.

మూడోది కాలం. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో వాయిద్యాలు మితంగా ఉండాలి. ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలంలో గానానికి ఆసరాగా మాత్రమే వాయించాలి, నాలుగో ఆదివారానికీ మహోత్సవాలకూ పండుగలకూ మినహాయింపు ఉంది. తపస్కాలంలో అల్లెలూయా అసలు పాడం. డ్రమ్స్ లేకపోతే పడిపోయే పాటల మీదే బృందం నిలబడి ఉంటే ఆ నలభై రోజులూ ఏం పాడాలో తెలియక తడబడుతుంది.

నాలుగోది నేర్పేవారు. గ్రెగోరియన్ గానం బాగుంటుందని తీర్మానించుకోవడం తేలిక. నేర్పేవారు లేకపోతే ఆ తీర్మానం కాగితం మీదే ఉంటుంది. వాద్యబృందం సంగతీ అంతే. డ్రమ్స్ వాయించడం వచ్చినవారు చాలామందే దొరుకుతారు. గుడిలో మెత్తగా వాయించగలవారు తక్కువ.

చివరిది మన్నిక. ఈ పాటను ఈ పిల్లలు ముప్పై ఏళ్ల తర్వాత కూడా పాడతారా? ఇంట్లో పెద్దావిడ పోయినప్పుడు సమాధి పక్కన, ఏ వాయిద్యమూ లేకుండా, చిన్నా పెద్దా కలిసి పాడగల పాటలు వాళ్ల దగ్గర ఎన్ని ఉన్నాయి? ఒక్కటీ లేదంటే మనం వాళ్లకు చేతి నిండా కార్యక్రమాలు ఇచ్చాం, ఆస్తి మాత్రం ఇవ్వలేదు.

శ్రీసభ మాట

రెండు పక్షాలూ శ్రీసభ (కతోలిక సంఘం) పత్రాలను తమకు అనుకూలంగా చూపుతాయి. పూర్తిగా చదివితే అవి ఎవరినీ పూర్తిగా గెలిపించవు.

పదవ భక్తినాథ పోపు 1903 నవంబరు 22న, పునీత సిసిలియా పండుగ రోజున, గుడి సంగీతానికి మూడు లక్షణాలు ఉండాలన్నారు. పవిత్రత, కళగా మంచి రూపం, ఎక్కడివారికైనా ఎబ్బెట్టు అనిపించని సార్వత్రికత. అదే పత్రం గుడిలో పియానోను, డ్రమ్ముల వంటి చప్పుడు వాయిద్యాలను నిషేధించింది. అరవై ఏళ్ల తర్వాత, 1963 డిసెంబరు 4న, రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచ పీఠాధిపతుల, అంటే బిషప్పుల సమావేశం) దివ్యార్చనపై, అంటే గుడి ఆరాధనపై ఇచ్చిన పత్రం తలుపు తెరిచింది. పైపు ఆర్గనును గొప్పగా గౌరవించాలంటూనే, పవిత్ర వినియోగానికి తగినవైతే ఇతర వాయిద్యాలను కూడా పీఠాధిపతుల సమ్మతితో అనుమతించవచ్చని చెప్పింది. మిగిలినవన్నీ సమానమైనప్పుడు గ్రెగోరియన్ గానానికి అగ్రస్థానం ఇవ్వాలని చెప్పింది. విశ్వాసులు తమకు చెందిన భాగాలను లాటిన్‌లోనూ పాడగలిగేలా చూడాలని అడిగింది. ప్రజల సొంత సంగీత సంప్రదాయాలకు తగిన చోటు ఇవ్వాలనీ కోరింది. వీటన్నిటి వెనక, విశ్వాసులందరూ పూర్తిగా, తెలిసి, చురుకుగా పాల్గొనాలన్న ఆకాంక్ష ఉంది.

నాకు అన్నిటికంటే పనికొచ్చినది 1967 మార్చి 5న వచ్చిన పవిత్ర సంగీత సూచన. ఏవి ముందు పాడాలో అది మూడు మెట్లుగా చెబుతుంది. మొదటి మెట్టులో గురువు పలకరింపులు, వాటికి ప్రజల జవాబులు, కృతజ్ఞతా స్తుతికి ముందు వచ్చే సంభాషణ, "పరిశుద్ధుడు", ప్రభు ప్రార్థన, చివర పంపివేత మాటలు ఉన్నాయి. "ప్రభువా దయచూపండి", మహిమ గీతం, "గొర్రెపిల్ల" రెండో మెట్టులో వస్తాయి. ప్రవేశ గీతం, సత్ప్రసాద గీతం మూడో మెట్టులో ఉన్నాయి. మొదటి మెట్టు ఎక్కకుండా పై మెట్లకు పోకూడదు. యువత పూజల్లో మనం చేస్తున్నది చాలాచోట్ల దీనికి తలకిందులు. నాలుగు పాటలు ఘనంగా పాడి, మిగతా అంతా చదివేస్తాం. పూజను పాడటం మానేసి, పూజ మధ్యలో పాటలు పాడుతున్నాం. ఆ నాలుగు పాటలు లాటిన్‌లో ఉన్నా, గిటారుతో ఉన్నా ఈ లోపం ఒకటే.

2019లో పోపు ఫ్రాన్సిస్ యువతకు రాసిన ప్రబోధ లేఖ 'క్రిస్తుస్ వీవిత్', సంగీతం యువత నిరంతరం మునిగి ఉండే వాతావరణమని, వాళ్ల గుర్తింపును మలిచే భాష అని ఒప్పుకుంటుంది. దివ్యార్చన నవీకరణలో దానికి ప్రత్యేకమైన పాత్ర ఉందనీ చెబుతుంది. కాబట్టి యువతకు ఏ సంగీతం దగ్గరగా ఉందో పట్టించుకోనవసరం లేదని ఎవరైనా అంటే శ్రీసభ వారి వెనక లేదు.

ఒక్కో ఎంపికను దగ్గరగా చూస్తే

గ్రెగోరియన్ గానం. పాఠం అనే కొలతలో దీనికి సాటి లేదు. ఈ గానం పూజ మాటల కోసమే పుట్టింది. మాట ఎలా ఊపిరి పీలిస్తే రాగం అలా కదులుతుంది. తాళపు గీతలు ఉండవు. నాలుగు గీతల మీద చతురస్రపు స్వరాలు చూసిన పిల్లలు మొదట అడిగేది "దీనికి తాళం ఎక్కడ?" అని. మాటను మెల్లగా పైకి చదివి, అదే నడకలో పాడమంటే కాసేపటికి అర్థమవుతుంది. తాళం వేసే చేయి దానంతట అదే ఆగిపోతుంది, అందరూ ఒకేసారి ఊపిరి తీసుకోవడం మొదలుపెడతారు. అది చూడటం నాకు ఇప్పటికీ ఇష్టం.

ఇది కష్టమన్న మాట సగమే నిజం. ప్రతివచన స్వరాల్లో కొన్ని నిజంగా శిక్షణ ఉన్నవారికే. సులభమైన గానాలు కూడా చాలా ఉన్నాయి. ఆరవ పౌలు పోపు 1974లో పీఠాధిపతులందరికీ 'జూబిలాతే దేయో' అనే చిన్న పుస్తకం పంపారు. విశ్వాసులందరికీ తెలిసి ఉండవలసిన కనీస గానాలు అందులో ఉన్నాయి. అందులోని 'సాంక్తుస్', 'ఆగ్నుస్ దేయి' కొద్ది స్వరాల్లోనే తిరుగుతాయి, దాదాపు అక్షరానికి ఒక స్వరం. పది పన్నెండేళ్ల పిల్లలు రెండు మూడు సాధనల్లో పాడేస్తారు. కీబోర్డు అక్కరలేదు, మైకు అక్కరలేదు, తపస్కాలంలో ఇబ్బంది లేదు.

బలహీనత భాష. అర్థం తెలియకుండా పాడితే లాటిన్ గానం మంచి వాసన వచ్చే పొగలా మిగిలిపోతుంది. మాట మాటకూ అర్థం చెప్పకుండా నేర్పవద్దు. పిల్లలకు "పరిశుద్ధుడు" ముందే కంఠస్థం కాబట్టి 'సాంక్తుస్' అర్థం చెప్పడం అయిదు నిమిషాల పని. 'కీరియే ఎలేయిసోన్' లాటిన్ కాదు, గ్రీకు అని చెబితే వాళ్ల కళ్లు మెరుస్తాయి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. స్పెయిన్‌లోని సిలోస్ మఠవాసుల గానం రికార్డు 1994లో ప్రపంచమంతటా లక్షల్లో అమ్ముడైంది. యువతకు ఈ ధ్వని నచ్చదన్న మాట అప్పుడే వీగిపోయింది. కానీ వినడానికి నచ్చడం వేరు, నోరు తెరిచి పాడటం వేరు. గానాన్ని ఆరుగురు పాడి మూడు వందల మంది వింటూ కూర్చుంటే మహాసభ కోరిన పాల్గొనడం సగమే జరిగినట్టు. మౌనంగా వినడమూ పాల్గొనడమే. కానీ పూజ పొడవునా అదొక్కటే ఉంటే సరిపోదు.

బహుస్వర గానం. వేర్వేరు గొంతులు వేర్వేరు స్వరాలను ఒకేసారి కలిపి పాడే కళ, 16వ శతాబ్దంలో పాలెస్త్రీనా వంటి స్వరకర్తలు శిఖరానికి చేర్చినది. మంచి బృందం, ఓపిక ఉన్న శిక్షకుడు ఉంటే ఏడాదికి రెండు మూడు పండుగల్లో సత్ప్రసాదం తర్వాత ఒకటి పాడండి. నాలుగు గొంతుల్లో తన గొంతు ఒక్కటని తెలుసుకున్న యువకుడికి ఆ అనుభవం జీవితాంతం ఉంటుంది. ప్రతి ఆదివారానికీ మాత్రం ఇది ఆధారం కాలేదు.

చరణాల పాత కీర్తనలు. ఒకే బాణీలో నాలుగైదు చరణాలు, నిలకడైన తాళం. సభ గొంతుకు ఇంత అనువైన రూపం లేదు. ఒక చరణం వింటే రెండో చరణం పాడవచ్చు. అమ్మమ్మకూ మనవడికీ ఉమ్మడిగా తెలిసినవి సాధారణంగా ఇవే. మన్నిక కొలతలో గెలిచేవి ఇవే. యువత వీటిని నీరసమని అంటే, చాలాసార్లు ఆ నీరసం పాటలో లేదు, మనం పాడే నడకలో ఉంది. ప్రతి పాదం చివరా సాగదీసి, ఒక్కో చరణానికి వేగం తగ్గిపోతుంటే ఎవరికైనా విసుగు వస్తుంది. నడక సరిచేసి, రెండో చరణం వాయిద్యం లేకుండా, చివరిది నిండు గొంతులతో పాడించి చూడండి. ఒక పరిమితి ఉంది. ఊరేగింపు ముగిసినా చరణాలు మిగిలి ఉంటాయి, అర్థం నాలుగో చరణంలో పూర్తవుతుంది. మధ్యలో కోస్తే పాట గాయపడుతుంది. అలాంటివాటిని చివర పాడే పాటగా ఉంచండి.

తేజే పల్లవులు. 1940లో సహోదరుడు రోజే ఫ్రాన్సులోని బుర్గుండి ప్రాంతానికి వచ్చి తేజే సమాజానికి పునాది వేశారు. అది వేర్వేరు క్రైస్తవ శాఖలవారు కలిసి జీవించే మఠం. దేశదేశాల నుంచి యువత వేలల్లో రావడం మొదలయ్యాక, భాషలు వేరైనవారంతా కలిసి పాడగల చిన్న పల్లవులు కావలసి వచ్చాయి. జాక్ బెర్తియే వాటిలో చాలావాటిని స్వరపరిచారు. ఒకటి రెండు వాక్యాలు, ఎక్కువగా వాక్యగ్రంథం నుంచే తీసుకున్నవి, మళ్లీ మళ్లీ పాడుకునేవి. పుస్తకం అక్కరలేదు, తెర అక్కరలేదు, కళ్లు మూసుకుని పాడవచ్చు.

పాత కొత్తల మధ్య గొడవ తెగని చోట నేను మొదట చేతికందించేది ఇదే. గానం ఇష్టపడేవారికి ఇందులో ధ్యానం దొరుకుతుంది, గిటారు వాయించేవారికి పని దొరుకుతుంది. సత్ప్రసాద స్వీకరణ వేళ ఎంతసేపైనా సాగదీయవచ్చు, ఎక్కడైనా ఆపవచ్చు. అయితే ఈ పల్లవులు ప్రార్థన కూటాల కోసం పుట్టాయి, బలిపూజ కోసం కాదు. ప్రవేశానికి వీటిలో చాలావరకు బలం చాలవు. పూజ మొత్తం ఇవే ఉంటే అంతా ఒకే రంగులో సాగిపోతుంది. పండుగ పండుగలా ఉండదు.

గిటారుతో జానపద ధోరణి. మహాసభ తర్వాత, 1960ల చివర నుంచి పలు దేశాల్లో వ్యాపించింది. "కొత్త పాటలు" అని యాభై ఏళ్లుగా పిలుస్తున్న ఈ పాటలు చాలామంది యువతకు ఇప్పుడు తల్లిదండ్రుల పాటలు. యువత కోసమని వీటిని పట్టుబట్టి కొనసాగించే ముందు వాళ్లను ఒకసారి అడగండి. మంచివి నిలిచాయి. వాటి బలం వాక్యగ్రంథపు మాటలు, అందరికీ అందే పల్లవి. అవి ఉన్నవాటిని ఉంచుకోండి. గిటారును చూసి ఉలిక్కిపడనవసరం లేదు. 1818 క్రిస్మస్ రాత్రి ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్ గుడిలో ప్రపంచమంతా ఎరిగిన 'సైలెంట్ నైట్' పాట మొదటిసారి వినిపించినప్పుడు తోడున్నది గిటారే.

నేటి స్తుతి ఆరాధన గీతాలు. వాద్యబృందం, మైకులు, మెల్లగా మొదలై ఎత్తుకు చేరే పల్లవి, మళ్లీ మళ్లీ వచ్చే వంతెన భాగం (చరణానికీ పల్లవికీ మధ్య కలిపే ముక్క). ఈ పాటలతో కంటతడి పెట్టుకున్న పిల్లలను చూశాను. ఆ కన్నీటిని తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను. పునీత అగస్టీను మిలాను గుడిలో అక్కడి పీఠాధిపతి అంబ్రోసు ప్రవేశపెట్టిన గీతాలు విని ఏడ్చానని తన 'ఒప్పుకోలు'లో రాసుకున్నారు. 386 ప్రాంతంలో అవి అప్పటికి సరికొత్త పాటలు. అయితే అదే పుస్తకం పదో భాగంలో ఆయన ఇంకో మాట కూడా ఒప్పుకున్నారు. పాడుతున్న విషయం కంటే పాట తనను ఎక్కువ కదిలించినప్పుడు తాను పాపం చేసినట్టే భావిస్తానని, అలాంటప్పుడు పాట వినకుండా ఉంటేనే మేలనిపిస్తుందని. పాటను ఇంతగా ప్రేమించినవాడు, ఇంతగా శంకించినవాడు మరొకరు నాకు తెలియదు. యువ బృందాల నాయకులందరితో ఆ పేజీ చదివించాలని నా కోరిక.

ఈ పాటల్లో మూడు చూడాలి. ఒకటి, మాటలు. "నేను, నాకు, నా హృదయం" అన్న పాటలు తప్పని కొందరు అంటారు. నేను అలా అనను, కీర్తనల గ్రంథంలో ఏకవచనం ఎంతో ఉంది. ఆ కీర్తనల్లో "నేను" అన్నవాడు ఎవరితో మాట్లాడుతున్నాడో, దేవుడు ఏం చేశాడో స్పష్టంగా ఉంటుంది. పాటలోంచి ప్రభువు పేరు తీసి ప్రేయసి పేరు పెట్టినా అర్థం చెడకపోతే, ఆ పాటను పూజకు తీసుకోకండి. ఇతర క్రైస్తవ సమాజాల నుంచి వచ్చిన పాటలు ఎన్నో బాగుంటాయి. దివ్యసత్ప్రసాదం గురించి, పాప క్షమ గురించి అవి చెప్పేది మన విశ్వాసంతో సరిపోతుందో లేదో గురువుకు చూపించి తీసుకోండి. రెండు, లయ, పరిధి. వాటి గురించి పైన చెప్పాను. మూడు, శబ్దం. పక్కనున్నవారి గొంతు వినిపించనంత పెద్దగా స్పీకర్లు మోగితే మనిషి పాడటం ఆపేస్తాడు. తన గొంతు అవసరం లేదని అతనికి అర్థమైపోతుంది.

ఈ గీతాలకు సహజమైన ఇల్లు సత్ప్రసాద ఆరాధన, ధ్యానకూటం, యువజన శిబిరం. అక్కడ సమయం తొందర పెట్టదు, భావం నెమ్మదిగా పెరగవచ్చు. ఒకే ఆరాధన గంటలో పిల్లలు గిటారుతో స్తుతించి, దీవెన ముందు 13వ శతాబ్దంలో తోమస్ అక్వీనాసు రాసిన 'తాంతుమ్ ఎర్గో' పాడటం ఎన్నోసార్లు చూశాను. రెంటి మధ్య గోడ ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ప్రజల సొంత సంగీతం. 1958లో కాంగోలో రూపొందిన 'మిస్సా లూబా' లాటిన్ మాటలనే అక్కడి గాన రీతుల్లో పాడింది. 1964లో ఆరియేల్ రామీరేజ్ 'మీసా క్రియోయా'ను అర్జెంటీనా, ఆ పరిసరాల జానపద లయల్లో స్వరపరిచారు. ఈ రెండూ శిక్షణ పొందిన బృందాలవి, సభ పాటలు కావు. అవి చూపిన దారి మాత్రం విలువైనది: పూజ పాఠాన్ని చెక్కుచెదరకుండా ఉంచి ధ్వనిని ప్రజల నుంచి తీసుకోవడం. 1988లో రోము ఆమోదించిన జైరు (కాంగోకు అప్పటి పేరు) పూజాగ్రంథం ఆ దారిలో ఇంకా ముందుకు వెళ్లింది. యువతకు వాళ్ల తాతల సంగీతం తెలియకపోవడం అన్ని దేశాల్లోనూ ఉన్న బాధ. దాన్ని గుడిలో నేర్పగలిగితే రెండు వారసత్వాలు ఒకేసారి అందుతాయి. సినిమా బాణీకో మార్కెట్ పాటకో పూజ మాటలు తొడగడం ఈ కోవలోకి రాదు. ఆ బాణీ వినగానే వేరే మాటలు గుర్తొస్తాయి.

పూజలో చోటును బట్టి నా ఎంపిక

| పూజలో చోటు | మొదట ప్రయత్నించేది | తర్వాతి ఎంపిక | జాగ్రత్త |
|---|---|---|---|
| ప్రవేశం | బలమైన పాత కీర్తన | వాక్యగ్రంథపు మాటలున్న కొత్త పాట | నిన్న నేర్చిన పాటతో మొదలుపెట్టవద్దు |
| సంభాషణలు, జవాబులు | పూజాగ్రంథంలోని సాదా గానం | ఇంకోటి అక్కరలేదు | ముందు గురువు పాడాలి |
| మహిమ గీతం | సభకు తెలిసిన ఒకే బాణీ | బృందం, సభ వంతులవారీగా | మాటలు మార్చకూడదు |
| ప్రతివచన కీర్తన | ఒక గొంతు, చిన్న పల్లవి | సాదా కీర్తన స్వరం | వేరే పాట పెట్టకూడదు |
| పరిశుద్ధుడు | ఏడాదంతా ఒకటి రెండు బాణీలు | లాటిన్ 'సాంక్తుస్' | బృందం ఒక్కటే పాడకూడదు |
| సత్ప్రసాదం | తేజే పల్లవి, పల్లవి ఉన్న కీర్తన | మెల్లని ఆరాధన గీతం | నడిచి వచ్చేవారి చేతిలో పుస్తకం ఉండదు |
| సత్ప్రసాదం తర్వాత | మౌనం | అందరూ కలిసి ఒక స్తుతి గీతం | ప్రదర్శన వద్దు |
| చివర | ఉత్సాహమైన కొత్త పాట | మరియమాత కీర్తన | పూజాగ్రంథం ఇక్కడ పాట అడగదు, స్వేచ్ఛ ఎక్కువ |

మౌనం అన్న చోట ఒక్క నిమిషం ఆగండి. యువతకు మౌనం పడదని పెద్దలు అనుకుంటారు. నేను చూసినంతలో, ఫోను జేబులో పెట్టి రెండు నిమిషాలు ఏ శబ్దమూ లేకుండా కూర్చునే అవకాశం వాళ్లకు వారం మొత్తంలో అక్కడే దొరుకుతోంది. దాన్ని పాటతో నింపేయకండి.

మీరు ఎవరన్నదాన్ని బట్టి

*మీరు విచారణ గురువైతే:* పాటల ఎంపికలో తీర్పు చెప్పే ముందు మీ భాగాలు మీరు పాడండి. "ప్రభువు మీతో ఉండునుగాక" అని గురువు పాడితే సభ పాడి జవాబిస్తుంది. గొంతు బాగుండదని సంకోచించవద్దు, ఆ స్వరాలు మూడు నాలుగుకు మించవు. యువతకు వేరే పూజ పెట్టాలా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. వేరే పూజ వల్ల వాళ్లకు బాధ్యత వస్తుంది, స్నేహం పెరుగుతుంది. వయసు దాటాక వాళ్ల పాటలు తెలిసినవారు మిగతా సభలో ఉండరు, సభ పాటలు వాళ్లకు తెలియవు. ఆ వయసులోనే చాలామంది మెల్లగా జారిపోతారు. వేరే పూజ పెట్టినా కనీసం "పరిశుద్ధుడు", "గొర్రెపిల్ల" బాణీలు విచారణ మొత్తానికీ ఒకటే ఉంచండి.

*మీరు ఇరవై ఏళ్ల బృంద నాయకులైతే:* మీ బృందంలో ఎనిమిది మంది ఉండి, సభలో రెండు వందల మంది ఉంటే, అసలు గాయక బృందం ఆ రెండు వందల మందే. కొత్త పాట నెలకు ఒకటి చాలు. పూజకు ముందు మూడు నిమిషాలు అందరికీ నేర్పి, వరసగా నాలుగు ఆదివారాలు పాడండి. మీకు విసుగు పుట్టే సమయానికి సభకు పాట పట్టుబడుతుంది. మీరు వాదించి గెలిచిన పాట కంటే, ముందు వరసలోని ముసలాయన మీతో కలిసి పాడిన పాట మీకు ఎక్కువ సంతోషం ఇస్తుంది.

*మీరు లాటిన్ గానాన్ని ప్రేమించే యువకులైతే:* మీ ప్రేమ నిజమైనదే, శ్రీసభ దానికి అగ్రస్థానం ఇచ్చింది. దాన్ని ఇతరుల భక్తిని కొలిచే గీటురాయిగా మాత్రం మార్చకండి. ఒక 'కీరియే'తో మొదలుపెట్టి, అందరి చేతా పాడించండి.

*వాయిద్యం, వాయించేవారు ఇద్దరూ లేని చిన్న బృందమైతే:* మీ పరిస్థితి లోటు కానే కాదు. సాదా గానం, తేజే పల్లవులు, చరణాల కీర్తనలు మూడూ గొంతుతోనే నిలుస్తాయి. శ్రుతి ఇవ్వడానికి ఒక చిన్న శ్రుతిపెట్టె ఉంటే చాలు. రికార్డు పెట్టి దానితో పాటు పాడటం మాత్రం వద్దు. యంత్రం సభ ఊపిరి కోసం ఆగదు.

*శిబిరమో ధ్యానకూటమో నడిపేవారైతే:* కూటాల్లో కొత్త పాటలకు తలుపులు బార్లా తెరవండి. ముగింపు బలిపూజలో మాత్రం, పిల్లలు తిరిగి తమ విచారణకు వెళ్లి పాడగలిగేవే పాడించండి. శిబిరంలో ఎంతో ఎత్తున పాడివచ్చిన పిల్లవాడికి తర్వాతి ఆదివారం సొంత గుడి చప్పగా కనిపిస్తే, మనం వాడిని గుడికి దగ్గర చేయలేదు.

ఆరు నెలల్లో ఎలా మొదలుపెట్టాలి

మొదటి నెల ఏ పాటనూ మార్చకండి. వెనక బల్లలో కూర్చుని ఎవరు పాడుతున్నారో, ఏ పాటలో, ఏ పాదం దగ్గర ఆగిపోతున్నారో రాసుకోండి. రెండో నెల శ్రుతులు దించండి, స్పీకర్ల శబ్దం తగ్గించండి. మూడో నెల గురువుతో కలిసి సంభాషణలు, జవాబులు పాడటం మొదలుపెట్టండి. నాలుగో నెలలో సభ మొత్తానికీ ఒక "పరిశుద్ధుడు" బాణీ ఎంచుకుని, దాన్నే పాడుతూ ఉండండి. అయిదో నెలలో సత్ప్రసాదం వేళ ఒక చిన్న పల్లవి, చివర యువత ఎంచుకున్న ఒక కొత్త పాట.

ఆరో నెలలో ఒక ఆదివారం, కీబోర్డు వాయించేవారికి ముందే చెప్పి, "పరిశుద్ధుడు" దగ్గర వాయిద్యాలన్నీ ఆపండి. మైకు పట్టుకున్నవారు మైకు దించాలి. బృందం కూడా గొంతు తగ్గించి వినాలి. వెనక బల్లల్లోంచి గొంతులు వస్తుంటే ఆ బాణీని ఇంకో ఏడాది ముట్టుకోకండి. రాకపోతే శ్రుతి ఒక మెట్టు దించి, మళ్లీ మొదటి నుంచి నేర్పండి.